ఫండ్ సరే, మొదటి సరుకు కొనేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

రీసెర్చ్ కోసం కేంద్రం పెట్టిన లక్ష కోట్ల ఆర్‌డీఐ స్కీమ్ గురించి మీ పేపర్లో చదివాను. 2025 జులైలో కేబినెట్ ఓకే చేసింది కదా, తక్కువ వడ్డీకో అసలు వడ్డీ లేకుండానో ఎక్కువ కాలానికి అప్పులు అందే ఏర్పాటు అది. మన జీడీపీలో రీసెర్చ్ ఖర్చు 0.64 శాతమే కాబట్టి మంచిదే, కాదనను. కానీ చర్లపల్లిలో పద్దెనిమిదేళ్లుగా సర్క్యూట్ బోర్డులు చేసుకుని బతుకుతున్నవాడిగా చెప్తున్నా, మాకు అప్పిచ్చేవాడి కన్నా మొదటి సరుకు కొనేవాడు ముఖ్యం.

మా పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌నే చూడండి. 1977లో ఎన్నికల సంఘం అడిగితే 1979 కల్లా ఓటింగ్ మిషన్ నమూనా చేసి పెట్టింది. 1982లో కేరళలో పరవూరు నియోజకవర్గంలో 50 బూతుల్లో వాడారు కూడా. తీరా 1984లో సుప్రీంకోర్టు, చట్టంలో మిషన్ మాటే లేదు కాబట్టి ఇలా ఓట్లేయించడం చెల్లదు అంది. చట్టం మార్చేసరికి 1989 వచ్చింది, లోక్‌సభ ఎన్నికలు దేశమంతా మిషన్ల మీదే జరిగింది 2004లో. అంటే మిషన్ చేయడానికి రెండేళ్లు, దానికి చట్టంలో చోటు దొరకడానికి ఇంకో పదేళ్లు! ఈసీఐఎల్ సర్కారు కంపెనీ కాబట్టి అన్నాళ్లు ఆగగలిగింది, నాలాంటోడైతే షట్టర్ దించేసేవాడు.

నా సంగతే చెప్తా. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు నిండగానే మోటార్ ఆపి, ఫోన్‌కి మెసేజ్ పంపే బోర్డు ఒకటి చేశాం. ఒక కేంద్ర సంస్థ వాళ్లు తమ క్వార్టర్స్‌లో ట్రయల్‌కి 40 తీసుకున్నారు. బాగానే పనిచేశాయి, ఒక్కదాంట్లో మాత్రం బల్లి దూరి షార్ట్ అయింది, అప్పుడుగానీ డబ్బా మూతకి రబ్బరు గాస్కెట్ వేయాలని మాకు తట్టలేదు. ఇలాంటివి ఏ ల్యాబులో తెలుస్తాయండీ, ఎవరో ఒకరు కొని వాడితేనే తెలుస్తాయి. ఇక ఆ సంస్థే పెద్ద టెండర్ వేసినప్పుడు చూస్తే, ఇదే రకం సరుకు మూడేళ్లు సర్కారుకి సప్లై చేసుండాలని షరతు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టు. చిన్న యూనిట్లకి, స్టార్టప్‌లకి అనుభవం, టర్నోవర్ షరతులు సడలించొచ్చని కేంద్రం రూల్స్‌లోనే ఉంది, ఆ 'చ్చు' దగ్గరే వచ్చింది తంటా అంతా. ఆ సంస్థ ఇంజినీర్ గారు పాపం ఉన్నమాటే చెప్పారు, "కొత్తది కొని అది ఫెయిలైతే ఆడిట్‌కి సంజాయిషీ నేనివ్వాలి, పాత కంపెనీది కొంటే ఎవరూ అడగరు" అని. ఆయన్నేమనగలం!

ఆ 40 బోర్డుల బిల్లు 11 నెలలకి వచ్చింది. చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఎంత లేటయినా 45 రోజుల్లో ఇవ్వాలి, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలి. కానీ ఆ వడ్డీ అడిగినోడికి మళ్లీ ఆర్డర్ వస్తుందా? నేనూ అడగలేదు, సోల్డరింగ్ చేసే ఇద్దరమ్మాయిల జీతాల కోసం మా ఇంటావిడ గాజులు బ్యాంకులో పెట్టాను.

రక్షణ శాఖ 2018లో ఐడెక్స్ అనే స్కీమ్ పెట్టి, తన సమస్య ఇదీ అని ముందే చెప్పి, చేసినవాళ్లకి గ్రాంటిచ్చి, ట్రయల్లో పాసైతే కొనే దారి కూడా చూపిస్తోంది. నీళ్లు, కరెంటు, మున్సిపాలిటీ శాఖలకి ఇది ఎందుకు కుదరదు? ట్రయల్లో పాసైన సరుకుని టెండర్లో అనుభవం కింద లెక్కేయండి, రూల్ ప్రకారం ట్రయల్ చేయించిన ఆఫీసర్ని అది ఫెయిలైనా వేధించొద్దు, 46వ రోజు నుంచి వడ్డీ మేం అడక్కుండానే బిల్లులో పడేలా చేయండి. వీటికి లక్ష కోట్లు అక్కర్లేదు, సంతకాలు చాలు.

టెండర్ వేరే పెద్ద కంపెనీకి పోయింది. మా 40 బోర్డులు మాత్రం ఇంకా నడుస్తున్నాయి, ట్యాంకు నిండి మెసేజ్ రాకపోతే అక్కడి వాచ్‌మన్ ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తాడు.

ఇట్లు,
ఒక చిన్న యూనిట్ ఓనర్,
చర్లపల్లి, హైదరాబాద్