మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది కలిసి చూసినవి, కలిసి విన్నవి

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

సినిమా ప్రదర్శనలకు వచ్చేవారు ఒక వర్గంగా, కచేరీలకూ రికార్డుల శ్రవణానికీ వచ్చేవారు మరొక వర్గంగా విడిపోయి, ఒకే సంఘంలో ఉంటూ ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే ఏళ్లు గడుపుతున్నామని గత సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ అన్న మాట మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ మాటనే ఈ ఏడాది కార్యక్రమాలకు ఆధారంగా తీసుకున్నాం. సంగీతం అలంకారంగా కాక కథకు ప్రాణంగా ఉన్న చిత్రాలను ఎంచుకుని, ఒక ఆదివారం చిత్రాన్ని చూడటం, ఆ తరువాతి ఆదివారం అందులోని రాగాన్నో స్వరకర్తనో గాయకుణ్ణో తీరిగ్గా వినటం అనే పద్ధతి పెట్టుకున్నాం. ఎండలు ముదిరిన రెండు నెలలు మినహా ఏడాదంతా ఈ పద్ధతి సాగింది.

మొదటి ప్రదర్శనగా రిత్విక్ ఘటక్ 1960లో తీసిన బెంగాలీ చిత్రం ‘మేఘే ఢాకా తారా’ను వేశాం. దేశ విభజన వల్ల తూర్పు బెంగాల్ విడిచి కలకత్తా శివార్లలో తలదాచుకున్న కుటుంబం, ఆ కుటుంబ భారాన్నంతా తన భుజాన మోసే నీత, రేపోమాపో పెద్ద గాయకుణ్ణవుతానన్న నమ్మకంతో సంపాదన లేకుండా సాధన చేసుకునే ఆమె అన్న శంకర్, వీళ్ల కథ అది. శంకర్ గొంతులో హంసధ్వని రాగం పలకగానే, వెనుక వరుసలో కూర్చున్న మన సంగీతం మాస్టారు ముందుకు వంగి, పక్కనున్న ఇంజనీరింగ్ విద్యార్థి మోచేయి పట్టుకుని, “ఇది మన వాతాపి రాగమే నాయనా” అన్నారు. సినిమా నడుస్తుండగా మాట్లాడకూడదన్న నియమం ఆయనే ప్రతిపాదించినది. అయినా ఆ ఒక్క మాటకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మరుసటి ఆదివారం మాస్టారు శ్రుతిపెట్టె ముందు కూర్చుని ఆ మాటనే విస్తరించి చెప్పారు. మధ్యమ, ధైవతాలు (మ, ద) లేని ఐదు స్వరాల రాగం హంసధ్వని. దాన్ని రామస్వామి దీక్షితుల సృష్టిగా చెప్పుకుంటాం. ఆయన కుమారుడు ముత్తుస్వామి దీక్షితుల ‘వాతాపి గణపతిం’ వినకుండా పెరిగిన సంగీతాభిమాని మన వైపు ఉండడు. దక్షిణాన పుట్టిన ఆ రాగమే ఉత్తరాదికి వెళ్లి, భేండీబజార్ ఘరానాకు, అంటే ఆ గురుపరంపరకు చెందిన అమాన్ అలీ ఖాన్ కూర్చిన బందిష్ (హిందుస్తానీ కృతి)తో అక్కడి కచేరీల్లోనూ స్థిరపడింది. తెర మీద శంకర్‌గా నటించినది అనిల్ ఛటర్జీ అయినా, ఆ గొంతు ఎ.టి. కానన్‌ది. మద్రాసులో పుట్టి కలకత్తాలో హిందుస్తానీ విద్వాంసుడిగా పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. రాగం చేసిన ప్రయాణాన్నే గాయకుడూ చేశాడని మాస్టారు అన్నప్పుడు, అంతవరకు గోడకు ఆనుకుని నిలబడి వింటున్న కుర్రాళ్లు వచ్చి చాప మీద కూర్చున్నారు.

ఆ రోజే జరిగిన మరొక విషయం నమోదు చేయవలసి ఉంది. శబ్దగ్రహణంలో పని నేర్చుకుంటున్న ఒక యువ సభ్యుడు, ఆ చిత్రంలో రాత్రి వేళ అన్నాచెల్లెళ్లు కలిసి రవీంద్రనాథ్ ఠాగూర్ పాట పాడుకునే ఘట్టాన్ని బొమ్మ లేకుండా ఒకసారి వినిపించమని కోరాడు. ప్రొజెక్టర్ కటకానికి అట్టముక్క అడ్డం పెట్టి, దీపాలు ఆర్పి విన్నాం. పాట చివరికొచ్చేసరికి దాని మీద కొరడా దెబ్బల చప్పుడు పడుతుంది. తెర మీద కొరడా లేదు, కొట్టేవాడూ లేడు. వారం క్రితం చూసినప్పుడు నీత ముఖం మీదే దృష్టి నిలిపిన మాలో చాలామందికి ఆ చప్పుడు అంత నిర్దాక్షిణ్యంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. బొమ్మను మూసి వినటం అనే ఆ అలవాటును తరువాతి గోష్ఠులన్నింటిలోనూ కొనసాగించాం. ఈ ఏడాది మన సంఘానికి దక్కిన మంచి ఆస్తి ఇదేనని నా అభిప్రాయం.

ఇంగ్మర్ బెర్గ్‌మన్ 1978లో తీసిన ‘ఆటమ్ సొనాటా’ విషయంలో మొదట కొందరు సభ్యులు సందేహం వెలిబుచ్చారు. స్వీడిష్ భాష, పాశ్చాత్య సంగీతం, తల్లీకూతుళ్ల మధ్య గంటన్నర పాటు సాగే మాటల రాపిడి మన ప్రేక్షకులకు పట్టదేమోనన్నది వారి భయం. ఆ భయం నిజం కాలేదు. ఆ చిత్రంలో కూతురు పియానో ముందు కూర్చుని స్వరకర్త షోపేన్ రాసిన ఎ మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న పియానో రచన వాయిస్తుంది. పేరుమోసిన పియానో విద్వాంసురాలైన తల్లి పక్కన కూర్చుని వింటుంది. ఆ తరువాత అదే రచనను తల్లి తన పద్ధతిలో వాయించి చూపుతుంది. మొదట కెమెరా వాయించే చేతుల దగ్గర కాక, వింటున్న ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ముఖం దగ్గర ఆగుతుంది. తరువాత లివ్ ఉల్‌మన్ చూపు తల్లి ముఖాన్ని వదలదు. నిజానికి ఆ రెండుసార్లూ పియానో వాయించినది ఒక్కరే, కాబీ లారెటె. ఒకే విద్వాంసురాలు ఒక రచనను తడబడే కూతురిగా ఒకసారి, ఆరితేరిన తల్లిగా మరొకసారి వాయించగలగటం ఎంత కష్టమో, వీణ నేర్పే మన సభ్యురాలు తన శిష్యురాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే పల్లవిని రెండు విధాల పలికించి చూపారు. గురువు దిద్దేటప్పుడు శిష్యురాలి ముఖంలో కదిలేది ఏ దేశంలోనైనా ఒకటేనని ఒక గృహిణి అన్నారు. ఆ రోజు చర్చ తొమ్మిదింటి దాకా సాగింది, హాలు కాపలాదారు తాళాలతో గుమ్మంలో నిలబడినా ఎవరూ లేవలేదు.

సత్యజిత్ రాయ్ ‘జల్‌సాఘర్’ (1958) చూసిన వారం, విలాయత్ ఖాన్ సితార్‌తో పాటు బేగం అఖ్తర్ పాడిన ఠుమ్రీలు (హిందుస్తానీ లలిత గీతాలు) విన్నాం. ఆస్తి కరిగిపోతున్నా కచేరీ పెట్టించకుండా ఉండలేని జమీందారును చూసి జాలిపడాలా, కోపగించుకోవాలా అన్న వాదన తేలలేదు. తేలనక్కరలేదు కూడా.

తెలుగు చిత్రాలకు ఈ ఏడాది రెండు వారాలే కేటాయించగలిగాం. ఇది తక్కువేనని కార్యవర్గం అంగీకరిస్తోంది. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’, బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ చూశాం. ‘దాసి’లో మాటలు బహు తక్కువ. గడిలోని, అంటే దొర భవంతిలోని నిశ్శబ్దం, నటి అర్చన ముఖం, కళా దర్శకత్వానికి జాతీయ పురస్కారం అందుకున్న చిత్రకారుడు తోట వైకుంఠం అమర్చిన గదులు కథ చెబుతాయి. బొమ్మను మూసి వినే మన పద్ధతిని ఈ చిత్రానికి తలకిందులు చేసి, కొంత భాగాన్ని శబ్దం లేకుండా చూశాం. తెలంగాణ పల్లెలో పెరిగిన ఒక సభ్యురాలు, తన నాయనమ్మ గడి ముందు నుంచి నడవాల్సి వస్తే చెప్పులు చేతబట్టుకునేదని, ఆ నడక తనకు ఈ చిత్రంలో కనిపించిందని చెప్పి మరి మాట్లాడలేకపోయారు.

విడిగా జరిగిన శ్రవణ గోష్ఠుల్లో ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీనానికి కేటాయించిన సాయంత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1919లో విజయనగరంలో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తరువాత 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారంవారు పాశ్చాత్య విద్వాంసుల కమాను పట్టును కూడా శ్రద్ధగా గమనించి, ఆ గుణాన్ని స్వరాన్ని ఊపి పలికించే మన గమకానికి లొంగదీసుకున్నారు. ఆయన పాత రికార్డు పక్కనే పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఒంటరిగా వాయించిన బాఖ్ సోలో రచనను పెట్టి విన్నాం. ఎవరు గొప్ప అన్న ప్రశ్న లేవనెత్తకూడదని ముందే అనుకున్నాం, ఎవరూ లేవనెత్తలేదు.

ఇక ఒక వైఫల్యం. జి.వి. అయ్యర్ కన్నడంలో తీసిన ‘హంసగీతె’ (1975) ప్రదర్శన కోసం ఈ సంఘం ఎంత ఎదురుచూసిందో మీకు తెలుసు. చిత్రదుర్గం ప్రాంతపు గాయకుడు భైరవి వెంకటసుబ్బయ్య కథ అది. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ అందులో పాడినందుకు ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజనితో మన ఇళ్లను తెల్లవారుజామున మేలుకొలిపిన గొంతును ఒక కళాత్మక చిత్రంలో వినబోతున్నామని పెద్దలు ముందే వచ్చి కూర్చున్నారు. ముందు వారమే భైరవి రాగ లక్షణం చెప్పించాం. స్వరాలు పైకెక్కే ఆరోహణలో ‘ద’ హెచ్చు రూపమైన చతుశ్రుతి ధైవతం, కిందికి దిగే అవరోహణలో తగ్గు రూపమైన శుద్ధ ధైవతం పలికే తీరును పచ్చిమిరియం ఆదియప్పయ్య రచించిన తెలుగు వర్ణం ‘విరిబోణి’ పాడించి మరీ గుర్తుపట్టటం నేర్చుకున్నాం. తీరా చిత్రం సగంలో కరెంటు పోయింది. జనరేటర్ ఉందని మాకు చెప్పిన హాలువారి దగ్గర అందులో పోయటానికి డీజిల్ లేదు. గంటకు పైగా చీకట్లో కూర్చున్నాం. మాస్టారు ఆ చీకట్లోనే విరిబోణి అందుకోగా, తెలిసినవారు తెలిసినంత గొంతు కలిపారు. కానీ సినిమా పూర్తి కాలేదు. కొందరు పెద్దలు పొరుగూళ్ల నుంచి బస్సెక్కి వచ్చినవారు. వారికి క్షమాపణ చెప్పటం కార్యదర్శిగా నా బాధ్యత.

సభ్యత్వ రుసుము పెంచలేదు. ఆడిటైన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో జతచేశాం. గ్రంథాలయం నుంచి తీసుకెళ్లిన గ్రామఫోను రికార్డులు కొన్ని తిరిగి రాలేదు, దయచేసి సమావేశం నాటికి తీసుకురండి.

కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు 1947లో ఫిల్మ్ సొసైటీ పెట్టినప్పుడూ, 1959లో దేశంలోని పలు సొసైటీలు కలిసి సమాఖ్యగా ఏర్పడినప్పుడూ, మంచి చిత్రం చూడాలంటే నలుగురు ఒకచోట చేరటం తప్ప మరో దారి లేదు. ఇప్పుడు చేతిలోని ఫోనులోనే అన్నీ దొరుకుతున్నాయి కదా, సంఘం ఎందుకని ఒక కొత్త సభ్యుడు అడిగాడు. అతను అడిగినది ‘మేఘే ఢాకా తారా’ ప్రదర్శనకు ముందు. మాస్టారు మోచేయి పట్టుకున్నది అతనిదే. ఆ తరువాత ఒక్క ఆదివారం కూడా అతను మానలేదు, ఇప్పుడు మాస్టారి దగ్గర సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు పూర్తి చేసి, తరువాతి మెట్టయిన జంట వరుసల్లో ఉన్నాడు.

వచ్చే ఏడాది తెలుగు చిత్రాల వారాలను పెంచాలని, ప్రతి ప్రదర్శనకూ మన సొంత బ్యాటరీ ఏర్పాటు ఉండాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. మీ ఆమోదం లభిస్తే మొదటి ప్రదర్శన ‘హంసగీతె’యే. ఆగిన చోటు నుంచి కాదు, పేర్లు పడే దగ్గర నుంచి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి