రాంబాబూ, మొన్న ఫోన్లో చెప్పలేకపోయింది

ఒరేయ్ రాంబాబూ,

మొన్న రాత్రి అడిగావు చూడు, "మతిమరుపు జబ్బున్న మీ నాన్నగారిని ఇంక ఇంట్లో చూసుకోవడం కుదరదని నీకు ఎప్పుడు తెలిసిందిరా" అని, నేను ఏదో నసిగి ఫోన్ పెట్టేశాను. పక్కనే మా ఆవిడ సుజాత ఉంది, తన ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. మీ అమ్మగారి చేతి బొబ్బట్లు తిని పెరిగినవాణ్ణి, ఆవిడకీ ఇప్పుడు ఇదే జబ్బు మొదలయ్యాక నీకు సగం చెప్పి సగం దాచడం తప్పు. అందుకే కూర్చుని రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందుగా ఒకటి. "ఇంకా నిన్ను గుర్తుపడుతోంది కదా, అప్పుడే ఎందుకు" అని నీకు అందరూ చెప్తారు. నేనూ అదే కొలత పెట్టుకున్నా. నాన్న నన్ను చిన్నోడా అని పిలిచినంతకాలం ఇంట్లోనే ఉంచుకుందాం అనుకున్నా. అది తప్పు కొలతరా. ఇవాళ్టికీ వారంలో ఒకటి రెండుసార్లయినా చిన్నోడా అంటూనే ఉన్నారు. మనల్ని గుర్తుపట్టడానికీ, రాత్రి రెండింటికి గడియ తీసుకుని బయటికి వెళ్ళిపోవడానికీ ఏ సంబంధం లేదు, రెండూ ఒకే మనిషిలో ఒకే రోజు ఉంటాయి.

గేటు సంగతి నీకు పూర్తిగా తెలియదు. మనం టెన్త్‌లో సైకిళ్ళ మీద వెళ్తుంటే బెజవాడ సత్యనారాయణపురం రైల్వే గేటు దగ్గర నాన్న గేట్‌మన్ డ్యూటీలో ఉండేవారు, చెయ్యి ఊపేవాళ్ళం, గుర్తుందిగా. ఆ పట్టాలు తీసేసి ఆ జాగాలో బస్సుల కోసమని బీఆర్‌టీఎస్ రోడ్డు వేసి ఎన్నో ఏళ్ళయింది. మా ఇల్లు మాత్రం అక్కడికి నాలుగు వీధుల దూరంలోనే ఉంది. కిందటేడాది జనవరిలో తెల్లవారుజామున 4 గంటలకి బెల్లు మోగింది. తలుపు తీస్తే పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, వాడి పక్కన నాన్న. లుంగీ, బనీను, కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో సుజాత ఎర్ర తువ్వాలు. నడిరోడ్డు మీద నిలబడి ఆ తువ్వాలు ఊపుతూ లారీని ఆపుతున్నారట. ఆ డ్రైవర్ ఎవరో గానీ సమయానికి బ్రేకు వేశాడు. "బండి వచ్చే టైమైంది, గేటు వెయ్యకుండా ఎక్కడ చచ్చారు" అని నా మీద కేకలు. ఎడమ కాలి బొటనవేలు చిట్లి నెత్తురు కారుతోంది, నేను పంపు దగ్గర కూర్చోబెట్టి కడుగుతున్నంతసేపూ ఆయన చూపు వీధి తలుపు మీదే ఉంది. నొప్పి తెలియడం లేదు, గేటు పడలేదన్న బాధ ఒక్కటే.

ఆరోజే తేల్చుకోవాల్సింది. తేల్చుకోలేదు. తలుపుకి పైన, చెయ్యి అందనంత ఎత్తులో ఇంకో బోల్టు వేయించా, సరిపోతుందనుకున్నా.

అదలా ఉంచు, ఇది మాత్రం నువ్వు తప్పకుండా చెయ్యాలి. ఆ తర్వాత ఫిబ్రవరిలో నాలుగు రోజుల్లో నాన్న పూర్తిగా మారిపోయారు, లేని మనుషులు కనపడటం, తిట్టడం, అన్నం కంచం తోసెయ్యడం. జబ్బు ముదిరిపోయింది, ఇంక అయిపోయింది అనుకున్నాం. సూర్యారావుపేటలో ఆయన్ని చూసే డాక్టరుగారు ముందు యూరిన్ పరీక్ష రాశారు. ఇన్‌ఫెక్షన్. వారం మందులతో మళ్ళీ పాత స్థితికి వచ్చారు. పెద్దవాళ్ళలో యూరిన్ ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా మనిషిని రెండు మూడు రోజుల్లో అలా మార్చేస్తుందట. ఈ జబ్బు తనంతట తాను నెలల మీద జారుతుంది గానీ రాత్రికి రాత్రి కాదు. కాబట్టి ఉన్నట్టుండి మారితే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, ఆ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోకు. మీ అమ్మగారికి బీ12, థైరాయిడ్ చూపించావో లేదో నువ్వు చెప్పలేదు, అవి తక్కువైనా మతిమరుపు వస్తుంది, అది మందుతో సరిదిద్దుకోవచ్చు. అల్జీమర్స్‌కి ఇచ్చే డొనెపెజిల్ లాంటి మాత్రలు జబ్బుని ఆపవు, కొందరికి కొంతకాలం కాస్త తెరిపి ఇస్తాయంతే. ఎవరో చెప్పారని నిద్రమాత్ర మాత్రం సొంతంగా వెయ్యకు, తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

ఏప్రిల్లో సుజాత కుడిచేతి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ. ఏమైందంటే బాత్‌రూమ్‌లో జారానంది. నమ్మాను. పది రోజుల తర్వాత మా పాప చెప్పింది, "తాతయ్య మెలిపెట్టేశాడు నాన్నా, నీకు చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది" అని. స్నానం చేయించడానికి బనీను విప్పబోతే నాన్నకి ఎవరో పరాయి ఆడమనిషి బట్టలు లాగుతోందని అనిపించిందట, పాపం ఆయన భయం ఆయనది. నా ఎదురుగా ఒక్కరోజు కూడా కోడల్ని ఒక్క మాట అనని మనిషి. ఆ మధ్యాహ్నమే నేను ఆఫీసు నుంచి తొందరగా వస్తే వంటింట్లో పాలు మొత్తం పొంగి, గిన్నె మాడి పొగ కమ్ముకుని ఉంది, సుజాత ఫ్రిజ్‌కి ఆనుకుని నేలమీద నిద్రపోతోంది. పొగకి కూడా లేవలేదురా. ఎన్ని రాత్రుల నిద్ర బాకీ ఉంటే అలా అవుతుంది? "మా నాన్నని ఇంట్లోనే చూసుకుంటాం" అని బంధువుల ముందు గర్వంగా చెప్పుకున్నది నేను. చూసుకున్నది తను. నేను పొద్దున తొమ్మిదింటికి బయటపడి రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాణ్ణి.

నువ్వు అడిగిన "ఎప్పుడు" అన్నదానికి జవాబు అదే, ఆ వంటింటి పొగలో తెలిసింది. నిజానికి జనవరిలోనే తెలియాలి, మూడు నెలలు ఆలస్యం చేశాను. రాత్రి రెండింటికి ఆ మనిషి క్షేమంగా ఉన్నారా, చూసుకునే మనిషి ఒరిగిపోతే ఆ చోట నిలబడటానికి రెండో మనిషి ఉన్నారా. ఈ రెండే చూసుకో. రెండింటికీ లేదు అని జవాబు వస్తే ఇంక ఆగకు.

మనుషుల్ని పెట్టుకోలేదా అంటావు. పెట్టుకున్నాం. ఏజెన్సీ ద్వారా ఒకాయన వచ్చాడు, తొమ్మిది రోజులకి మానేశాడు. రెండో అబ్బాయి మంచివాడే కానీ రాత్రిళ్ళు నిద్రపోయేవాడు, పగలంతా ఇంకోచోట పనిచేసి వస్తే నిద్రపోక ఏం చేస్తాడు. రాత్రీ పగలూ ఇద్దరిని పెట్టి, సెలవు రోజుకి మూడోవాణ్ణి వెతికే స్తోమత మాకు లేదు.

అక్క సంగతి చెప్పాలి. ఫోన్లో చెప్పగానే ఏడుపు, "కన్నతండ్రిని హాస్టల్లో పడేస్తావా, అమ్మ ఉంటే ఇలా చేసేదా" అని. వాదించలేదు. "ఒక్క ఐదు రాత్రులు వచ్చి ఉండక్కా, సుజాతని పుట్టింటికి పంపిస్తా" అన్నా. ఏలూరు నుంచి వచ్చింది. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, నా మొహం చూడకుండా "ఎక్కడైనా మంచిచోటు వెతుకు తమ్ముడూ" అంది. మీ బావగారు గొడవ చేస్తాడన్నావుగా, ఆయన్నీ అలాగే పిలువు. ఫోన్లో ఎంత చెప్పినా ఎక్కదు. "ఆశ్రమంలో పడేశారు" అన్న మాట ఎవరో ఒకరు అంటారు, మన వీధిలో కూడా అన్నారు, రెండు నెలలకి మర్చిపోయారు. వయసైపోయిన చాదస్తం అనుకుంటారు గానీ ఇది డిమెన్షియా అనే జబ్బు. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉంది. ఇన్ని ఇళ్ళలో ఉండి కూడా ఎవరూ నోరు విప్పరు, అందుకే ప్రతివాడూ తనొక్కడికే వచ్చిందనుకుని కుమిలిపోతాడు.

వెతకడం తేలిక కాదు. మామూలు వృద్ధాశ్రమాలు చాలా ఉన్నాయి, కానీ తిరిగే అలవాటుందనీ, డైపర్ వెయ్యాలనీ చెప్పగానే చాలామంది చేతులెత్తేశారు. ఒకచోట ఆఫీసు గది ఏసీతో ధగధగలాడుతోంది, లోపల ఒక పెద్దాయన్ని కుర్చీకి చీరముక్కతో కట్టేశారు. పడిపోకుండా అన్నారు. అక్కణ్ణుంచి మాట్లాడకుండా వచ్చేశా. నువ్వు వెళ్ళినప్పుడు చెప్పకుండా వెళ్ళు, అదీ సాయంత్రం ఆరు, ఏడు మధ్య వెళ్ళు. ఈ జబ్బున్నవాళ్ళకి పొద్దువాలేవేళ అలజడి ఎక్కువ, మీ అమ్మగారు సాయంత్రమైతే "ఇంటికి పోదాం" అంటున్నారన్నావే, అదే ఇది. ఆ టైములో అక్కడి పనివాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో చూస్తే చాలు. రాత్రికి ఎంతమంది ఉంటారు, ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, డైపర్లు మందులు ఫీజులో కలుస్తాయా, డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. మాకు నెలకి 30 వేలు, డైపర్లు విడిగా. నాన్న పెన్షన్ పోను మిగతాది నేనూ అక్కా వేసుకుంటున్నాం.

అంతా బాగుందని అబద్ధం చెప్పను. మొదటి రెండు వారాలు నాన్న సరిగ్గా తినలేదు, నేను స్కూటర్ మీద తిరిగొస్తూ బ్యారేజీ దగ్గర ఆపి ఏడ్చిన రోజులున్నాయి. ఒకసారి వెళ్తే ఎవరిదో చొక్కా వేసి ఉంది, ఇంకోసారి డైపర్ తడిసి చాలాసేపైనట్టుంది, గట్టిగా అడిగాను. అడగాలి. రోజూ ఒకే టైముకి వెళ్ళను.

కానీ ఒకటి చూశానురా. నాన్నకి రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇన్నాళ్ళూ మాకు అర్థం కాలేదు. మేం "గేటు లేదు నాన్నా, తీసేశారు" అని రోజూ నచ్చజెప్పేవాళ్ళం, చెప్పినకొద్దీ రెచ్చిపోయేవారు. అక్కడ రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు, తెనాలి దగ్గర పల్లెటూరు వాడిది, పాతికేళ్ళుంటాయి. నేనున్న రోజు నాన్న మంచం దిగి తలుపు దగ్గరికి వస్తే వాడు నిటారుగా నిలబడి, "రిలీవర్ని సార్, వచ్చేశా, మీరు దిగిపోండి" అన్నాడు. నాన్న వాణ్ణి కిందనుంచి పైకి చూసి, "తాళం జాగ్రత్త, 5 గంటల గూడ్సుంది" అని చెప్పి వెళ్ళి పడుకున్నారు. పది నిమిషాల్లో గురక. ఆయన ఇన్ని నెలలూ తన డ్యూటీ అందుకుని తనని ఇంటికి పంపే రిలీవర్ కోసమే కూర్చున్నారు. సుజాతకి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లేచి వెళ్ళి ఆయన పాత దుప్పటి ఉతికి, రేపు తీసుకెళ్ళమని బ్యాగులో పెట్టింది.

మీ అమ్మగారికి ఇప్పుడే ఆశ్రమం అవసరమని నేననట్లేదు. ఆవిడ రాత్రి నిద్రపోతున్నారు, బయటికి వెళ్ళడం లేదు, నీకూ చెల్లెమ్మకీ పని పంచుకోవడం కుదురుతోంది. గ్యాస్ వదిలేస్తున్నారన్నావు, వంట అవగానే రెగ్యులేటర్ కట్టేసెయ్యండి. కానీ చోట్లు చూడటం ఇప్పుడే మొదలుపెట్టు, అవసరం నెత్తిమీదికొచ్చాక వెతికితే ఏది దొరికితే అదే. కాగితాలు కూడా ఇప్పుడే. నేను నాన్న చేత జీపీఏ, అంటే ఆయన తరఫున నేను సంతకాలు పెట్టే అధికారపత్రం, రాయించుకుంటే చాలనుకున్నా, మనిషికి తెలివి తప్పాక అది చెల్లదని లాయరు చెప్పాడు. విల్లు, బ్యాంకులో జాయింట్ అకౌంట్, నామినీ, ఆవిడ తెలిసి సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే పూర్తిచెయ్యి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి పెట్టుకో. ఎవరినైనా అడగాలనిపిస్తే పెద్దవాళ్ళ కోసం 14567 అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, డబ్బులేం తీసుకోరు.

వచ్చే ఆదివారం పొద్దున గుంటూరు వస్తున్నాను. కోరిటెపాడులో మీ ఇంటికి దగ్గర్లో రెండు చోట్లున్నాయట, సాయంత్రం ఇద్దరం కలిసి చూసొద్దాం. అమ్మగారి పాత ప్రిస్క్రిప్షన్లు, ఎమ్మారై ఫిల్ములు ఒకచోట తీసిపెట్టు. ఆవిడ నన్ను గుర్తుపట్టకపోతే నువ్వు గాభరాపడి "చిన్నోడమ్మా, నీకు తెలుసుగా" అని పరీక్ష పెట్టకు. నేనే పేరు చెప్పుకుని పక్కన కూర్చుంటా.

నీ
చిన్నోడు