గ్రాంటు ఒక్కసారి, బిల్లు నెలనెలా

ఎడిటర్ గారికి,

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. విద్యాసంస్థలు క్లౌడ్‌కు, అంటే సొంత సర్వర్లు కొనకుండా కంపెనీల కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే పద్ధతికి మారాలన్న వ్యాసాలు తరచూ చదువుతున్నాను. మారడం మంచిదే. కానీ ఆ బిల్లు పాస్ చేయాల్సిన టేబుల్ దగ్గర పడే ఇబ్బంది గురించి ఎవరూ రాయడం లేదు.

సర్వర్ కొంటే కొటేషన్లు, స్టాక్ రిజిస్టర్‌లో ఒక ఎంట్రీ, పెట్టె మీద అంటించే నంబరు. డబ్బు ఒక్కసారే పోతుంది. గ్రాంట్లు కూడా "పరికరాల కొనుగోలుకు" అనే వస్తాయి. క్లౌడ్‌లో కొన్నదేమీ లేదు, అంతా అద్దే. కిందటి ఆడిట్‌లో "వస్తువు ఏదీ?" అని అడిగితే నా దగ్గర ఇన్‌వాయిస్ కాగితాలు తప్ప చూపించడానికి ఏమీ లేవు.

సెలవులకు ముందు ఒక ప్రాజెక్టు బ్యాచ్ పిల్లలు జీపీయూ (భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) ఉన్న వర్చువల్ మెషీన్లు, అంటే క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు, ఆన్‌లోనే వదిలి వెళ్లారు. వాటిని ఆపాలని వాళ్లకెవరూ చెప్పలేదు. ఎవరూ వాడకపోయినా గంటల లెక్కన మీటరు తిరుగుతూనే ఉంది. ఖర్చు హద్దుకు చేరితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అనుకున్నాం. అది మెయిల్ పంపుతుందే గానీ, ప్రత్యేకంగా అమర్చుకుంటే తప్ప మెషీన్‌ను ఆపదు. ఆ మెయిల్ చూసేందుకు ఆఫీసులో మనిషి లేడు. ఏడాదికి అనుకున్న డబ్బు ఆ ఒక్క నెలలోనే చాలావరకు కరిగిపోయింది.

ఉచితం అన్నదాన్నీ నమ్ముకుని కూర్చోలేం. విద్యాసంస్థలకు ఇస్తున్న అపరిమిత స్టోరేజీని ఆపేస్తామని గూగుల్ 2021లో ప్రకటించింది. సంస్థ మొత్తానికీ కలిపి 100 టెరాబైట్లే (ఒక టెరాబైట్ అంటే సుమారు వెయ్యి జీబీ) ఉచితమంది. 2023లో మైక్రోసాఫ్ట్ కూడా అదే పరిమితి చెప్పింది. ఏళ్ల తరబడి వీడియో పాఠాలు దాచుకున్న పెద్ద యూనివర్సిటీకి అదెక్కడ సరిపోతుంది? డేటా లోపలికి పంపడానికి సాధారణంగా రుసుము ఉండదు, బయటికి తీస్తే మాత్రం జీబీ లెక్కన పడుతుంది. పూర్తిగా వేరేచోటికి మారిపోయేవారికి ఆ రుసుమును ఎత్తేస్తామని 2024లో పెద్ద కంపెనీలు గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ ప్రకటించాయి. రోజువారీ వాడకానికి మాత్రం ఆ మినహాయింపు లేదు.

గ్రాంట్లు ఇచ్చేవారిని నేను కోరేది ఒక్కటే. క్లౌడ్ అద్దెకు విడిగా ఒక పద్దు పెట్టండి. ఒక బ్యాచ్ చదువు పూర్తయ్యేదాకా అది నిలవాలి. మొదటి ఏడాది నిధులిచ్చి, రెండో ఏడాది నుంచి మీరే చూసుకోండి అంటే ఆ భారం చివరికి ఫీజుల్లోకే చేరుతుంది. బిల్లు కట్టడం ఆలస్యమై మా క్లౌడ్ అకౌంట్ ఆగిపోయిన రోజున, మర్నాడు ప్రాక్టికల్స్ ఉన్న పిల్లలు మా కౌంటర్ ముందు నిలబడి "మా ప్రోగ్రాములు ఏమయ్యాయి మేడం?" అని అడిగారు.

ఇట్లు,
ఒక కాలేజీ అకౌంటెంట్