ఆదివారం మీట్: తొలి తరం రిమోట్ ట్రోజన్లు

అందరికీ నమస్తే 🙏

ఈ ఆదివారం ఉదయం 10:30కి లైబ్రరీ పై గదిలో కలుద్దాం. ఈసారి టాపిక్ రిమోట్ ట్రోజన్లు, అంటే మనకు తెలియకుండా కంప్యూటర్‌లో చేరి, దాన్ని దూరం నుంచి వేరేవాళ్లు నడిపేలా చేసే ప్రోగ్రామ్‌లు: నెట్‌బస్, బ్యాక్ ఆరిఫిస్, సబ్‌సెవెన్. మూడూ 1998-99 నాటివే.

బ్యాక్ ఆరిఫిస్‌ను 1998 ఆగస్టులో డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సదస్సులో విడుదల చేసింది కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ అనే హ్యాకర్ల బృందం. విండోస్ భద్రత ఎంత డొల్లో చూపించడానికే అన్నారు (సరే, నమ్ముదాం!).

స్వీడన్‌లో తయారైన నెట్‌బస్‌తో సీడీ ట్రే దానంతటదే తెరుచుకునేలా చేసి స్నేహితుల్ని ఆటపట్టించేవారు. దాంతోనే 1999లో లుండ్ యూనివర్సిటీలో ఒక న్యాయశాస్త్ర పరిశోధకుడి కంప్యూటర్‌లోకి ఎవరో పిల్లల అశ్లీల చిత్రాలు ఎక్కించారు. ఆయన ఉద్యోగం పోయింది, దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. కోర్టు నిర్దోషి అని తేల్చేసరికి 2004 వచ్చింది. ఎక్కువసేపు ఈ కేసు గురించే మాట్లాడుకుందాం.

మీరు చేయాల్సింది:
👉 వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి.
👉 మీ ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి (దూరం నుంచి మన ఫోన్, కంప్యూటర్ చూడనిచ్చే, నడపనిచ్చే యాప్‌లు) ఉన్నాయేమో చూసి రండి. ఎవరు, ఎందుకు వేయించారో గుర్తు తెచ్చుకోండి.

గుర్తుంచుకోండి: ఆ పాత ప్రోగ్రామ్‌లను సరదాకి కూడా డౌన్‌లోడ్ చేయొద్దు. డెమో ఉండదు, స్క్రీన్‌షాట్లు చాలు.

టీ, బిస్కెట్లు మామూలే ☕