ఒక్క బోరును చూసి గుట్టంతా బంగారమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో బంగారు నిక్షేపాల మీద వచ్చిన వార్త చదివి, మరునాడైనా సవరణ వేస్తారేమోనని ఆరు రోజులు ఎదురుచూసి, ఇక రాదని తేలాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక బోరులో ఒకచోట ఎక్కువ గ్రేడు (టన్ను రాయిలో ఎన్ని గ్రాముల బంగారమనే లెక్క) తగిలిందని గుట్ట మొత్తానికి కోట్లలో వెల కట్టడాన్ని మా ఊళ్లో సోది చెప్పడం అంటారు.

నేను భూపాలపల్లి వైపు బొగ్గు అన్వేషణ బోర్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. బొగ్గు పొర ఒక బోరులో కనబడితే, మధ్యలో ఫాల్టు (రాతిపొరలు విరిగి జరిగిన చోటు) అడ్డుపడనంతవరకు, పక్క బోరులోనూ దాదాపు అదే మందంతో దొరుకుతుంది. బంగారానికి ఆ నికరం లేదు. అది షియర్ జోన్ల (రాళ్లు ఒరుసుకుని నలిగిన పట్టీల) వెంట పలుగురాతి తీగల్లో చేరి, తీగ వంపు తిరిగినచోటనో రెండు పగుళ్లు కలిసినచోటనో చిక్కబడి, పది మీటర్ల అవతల జాడ లేకుండా పోగలదు. బోరులోంచి తీసిన రాతి కడ్డీని, అంటే ఒకే కోర్‌ను నిలువునా కోసి రెండు సగాలనూ పరీక్షకు పంపితే రెండు వేరు వేరు ఫలితాలు రావడం కూడా మామూలే. పది మీటర్ల కోర్‌లో ఒక్క మీటరుకు టన్నుకు 20 గ్రాములు వచ్చి తక్కిన తొమ్మిదింటిలో ఏమీ లేకపోతే సగటు 2 గ్రాములే. ఆ ఇరవైని శీర్షికకెక్కించి ఆ తొమ్మిది మీటర్లను మింగేస్తే దాన్ని వార్త అనాలా? పైగా తీగ వాలు వెంబడే బోరు దిగితే సన్నని తీగ కూడా లావుగా కనిపిస్తుంది.

నమూనాల్లో గొప్పగా కనిపించిన బ్లాకులు తవ్వాక సగటున అంత బంగారం ఇవ్వవని దక్షిణాఫ్రికా గనుల లెక్కలతో అక్కడి గని ఇంజినీరు డానీ క్రిగే 1951లోనే చూపించాడు. చుట్టుపక్కల నమూనాలన్నిటికీ తగిన బరువులిచ్చి అంచనా కట్టే పద్ధతిని ఆయన పేరుతోనే క్రిగింగ్ అంటున్నారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ కబురు మన పత్రికాఫీసులకు చేరినట్టు లేదు.

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో మూడు వేల టన్నులకు పైగా బంగారం ఉందని దేశమంతా మోగించారు. అక్కడున్నది 52,806 టన్నుల ఖనిజమనీ, టన్నుకు 3.03 గ్రాముల చొప్పున అందులోంచి వచ్చేది సుమారు 160 కిలోలేననీ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అంత అభాసుపాలైనా మనకు బుద్ధి రాలేదు.

అధికారుల సంగతి మరీ విచిత్రం. ఊరి చెరువు మత్తడి తెగిందని అర్జీ పెడితే నెలల తరబడి పలకని వారు, బంగారం అనగానే కెమెరాల ముందు వరుసగా నిలబడతారు గానీ, అన్వేషణ జీ4 దశలో ఉందో అంతకంటే ముదిరిన జీ2 దశలో ఉందో ఒక్కరూ చెప్పరు. జీ4 అంటే పైపై గాలింపు మాత్రమేనని చెబితే హడావుడి చప్పబడుతుందని కాబోలు. ఈలోగా భూముల బ్రోకర్లు మీ పత్రిక కత్తిరింపును సెల్‌ఫోన్లలో తిప్పుతున్నారు. మా బంధువొకాయన అది నమ్మి, నీళ్లు కూడా పడని రెండెకరాలకు బయానా ఇచ్చి వచ్చాడు.

ఇకనైనా గ్రేడు అచ్చువేసేటప్పుడు అది ఎన్ని మీటర్ల మందానికో, ఎన్ని బోర్లు వేశారో, వాటి మధ్య దూరమెంతో పక్కనే వేయండి. పోయిన వారం వార్తకు సవరణ కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత అన్వేషణ ఉద్యోగి,
హన్మకొండ