చెవిటి రిపీటర్లు తుఫానుకు పనికిరావు

సంపాదకుల వారికి,

నమస్కారం. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరానికి తుఫానుల కాలం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫానును పెద్దవాళ్లు మరిచిపోలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే మీద బండ్లూ, పట్టాల మీద రైళ్లూ నిలిచిపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర ఒడ్డెక్కే ముందు మన తీరం పొడవునా కుండపోత కురిపించింది. ఇలాంటి రోజుల్లో కరెంటు పోయిన కొన్ని గంటలకే సెల్ టవర్ల బ్యాటరీలు కూడా అయిపోతాయి. అప్పుడు అందరికీ హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని సొంతంగా నడిపే రేడియో, గుర్తుకొస్తుంది. దాతలు ముందుకొస్తారు, అధికారులు సరేనంటారు, ఏదో ఒక కొండ మీద రిపీటర్ వెలుస్తుంది. ఆ డబ్బు ఎక్కడ ఖర్చవుతోందన్నదే మా బాధ. ఎక్కువ వాట్ల సెట్టు కొంటారు. డూప్లెక్సర్ దగ్గర, కేబుల్ దగ్గర, బ్యాటరీ దగ్గర పొదుపు చేస్తారు. రిపీటర్ గొంతు పెంచి దాని చెవి మూసేస్తున్నాం.

తెలియనివారి కోసం రెండు మాటలు. చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్టు మాట నేల మీద నాలుగైదు కిలోమీటర్లు దాటితే గొప్ప. ఎత్తున ఉన్న రిపీటర్ ఆ మాటను ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి చెబుతుంది. మన దేశంలో హామ్‌లకు ఉన్న రెండు మీటర్ల బ్యాండు (అల పొడవును బట్టి పేరు పెట్టిన ఫ్రీక్వెన్సీల పట్టీ) 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు. ఉదాహరణకు రిపీటర్ 145.700లో పలికితే 145.100లో వింటుంది. మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్, అంతే. అసలు చిక్కంతా ఆ చిన్న ఎడంలోనే ఉంది. మంచి రిసీవర్ 0.2 మైక్రోవోల్టు సిగ్నల్‌ను కూడా పట్టుకుంటుంది. పక్కనే, అదే యాంటెన్నా మీద, 25 వాట్ల ట్రాన్స్‌మిటర్ అరుస్తూ ఉంటుంది. లెక్క కడితే ఆ సన్నని సిగ్నల్ కన్నా ఇది సుమారు మూడు వందల కోట్ల కోట్ల రెట్లు పెద్దది. ఆ అరుపు చెవిలో పడకుండా అడ్డం నిలిచేదే డూప్లెక్సర్.

రెండు మీటర్ల బ్యాండుకు ఆరు కావిటీల డూప్లెక్సర్ కావాలి, పక్కకు మూడేసి. ఒక్కో కావిటీ అర మీటరు దాటిన పొడవుండే, ఒక ఫ్రీక్వెన్సీకి బిగించుకునే లోహపు గొట్టం. మార్కెట్లో దొరికే అరచేయంత మొబైల్ (బండిలో పెట్టే రకం) డూప్లెక్సర్లు నాలుగైదు మెగాహెర్ట్జ్ ఎడం ఉన్న ఫ్రీక్వెన్సీల కోసం చేసినవి. 600 కిలోహెర్ట్జ్‌కు అవి పనికిరావు. వాటిని ఎంత తిప్పినా ట్యూన్ కావు, అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు. పోనీ 70 సెంటీమీటర్ల బ్యాండుకు పోదామంటే అక్కడ మనకిచ్చింది 434 నుంచి 438 మెగాహెర్ట్జ్, అంటే మొత్తం నాలుగే. 5 మెగాహెర్ట్జ్ ఎడానికి చేసిన డూప్లెక్సర్ మన బ్యాండులో ఇమడనే ఇమడదు. కొనేముందు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

డూప్లెక్సర్ లేకుండా రెండు యాంటెన్నాలతో నడుపుదామని కూడా కొందరు చూస్తారు. ఒకే టవర్ మీద ఒకటి పైన, ఒకటి కింద 20 మీటర్ల ఎడంలో పెడితే సుమారు 65 డీబీ (డెసిబెల్, ప్రతి పది డీబీకీ పదింతల తేడా) వేరుపడతాయి. మనకు కావలసింది 80 పైమాటే. పక్కపక్కన పెడితే 30 మీటర్ల ఎడానికి కూడా 45 డీబీ మించదు. అందుకని అది సగం పరిష్కారమే. మిగతా సగానికి కావిటీలు ఎలాగూ తప్పవు.

ట్యూనింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ రిపీటర్లు పాడయ్యేది ఇక్కడే. చాలామంది పవర్ బాగా వెళ్తోందా, ఎస్.డబ్ల్యు.ఆర్. (పవర్ ఎంత వెనక్కి తిరిగి వస్తోందో చెప్పే కొలత) తక్కువగా ఉందా అని మాత్రమే చూసి మూత వేసేస్తారు. ట్రాన్స్‌మిటర్ వైపు ఉన్న మూడు కావిటీల పని రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ దగ్గర ట్రాన్స్‌మిటర్ చేసే రొదను చంపడం. రిసీవర్ వైపు ఉన్న మూడింటి పని రిపీటర్ పలికే ఫ్రీక్వెన్సీని ఆపడం. అలా ఆపే చోటు కొలత గీతలో లోయలా కనిపిస్తుంది, ఆ రెండు లోయలూ సరిగ్గా చోటులో పడాలి. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ దాటుతోందో గీసి చూపే, చవకగా దొరికే నానో వీ.ఎన్.ఏ.తో ఆరూ కలిపి కొలిస్తే లోయ అడుగు కనిపించదు, దాని చూపు 70 డీబీ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఒక్కో కావిటీని విడిగా తీసి, ఒక్కోదాంట్లో 30 డీబీ వచ్చేలా బిగించి, ఆ తర్వాతే కలపాలి. కలిపే తీగలు రెండు పొరల కవచం ఉన్నవి కావాలి, ఆర్.జి-214 లేదా ఆర్.జి-142. ఆర్.జి-58 వాడితే తీగలోంచే సిగ్నల్ కారిపోతుంది, కావిటీలు ఎంత మంచివైనా లాభం లేదు. ఆర్.జి-214 అయితే ఆ ముక్కల పొడవు కనెక్టర్ లోపలి భాగంతో కలిపి 34 సెంటీమీటర్లు. ఇంకోటి, ఏసీ గదిలో ట్యూన్ చేసి కొండ మీద రేకుల గదిలో పెట్టకండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ గది లోపల వేడికి లోహం సాగి లోయ పక్కకు జరుగుతుంది. పొద్దున బాగా వినే రిపీటర్ మధ్యాహ్నానికి చెవిటిదైతే మొదట చూడాల్సింది ఇదే.

చెవుడు ఉందో లేదో తేల్చే పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. ఒకరు దూరం నుంచి తక్కువ పవర్‌తో, గరగరలో మాట అందీ అందనట్టు ఉండేలా సిగ్నల్ ఇస్తూ ఉండాలి. గదిలో ఉన్నవారు ముందు ట్రాన్స్‌మిటర్ ఆపి రిసీవర్ స్పీకర్లో వినాలి. తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి వినాలి. గరగర పెరిగి మాట మునిగిపోయిందంటే డీసెన్స్, అంటే సొంత ట్రాన్స్‌మిటర్ వల్ల వచ్చే చెవుడు, ఉన్నట్టే. దోషం ఎక్కడుందో తేల్చాలంటే డూప్లెక్సర్ యాంటెన్నా కొనకు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మింగేసేది) తగిలించి, సన్నని సిగ్నల్‌ను ఒక కప్లర్ (దారిలో కొద్ది సిగ్నల్ కలిపే ముక్క) గుండా లోపలికి పంపి, మళ్లీ అదే చేయాలి. డమ్మీ లోడ్ మీద కూడా గరగర పెరిగితే తప్పు గదిలోనే ఉంది: డూప్లెక్సర్, జంపర్ తీగలు, సెట్టు పెట్టె. డమ్మీ లోడ్ మీద శుభ్రంగా ఉండి యాంటెన్నా తగిలించగానే పెరిగితే తప్పు బయట ఉంది: కేబుల్, కనెక్టర్, యాంటెన్నా, లేదా తుప్పు పట్టిన టవర్ నట్టు. గాలి వీచినప్పుడల్లా చిటపటలాడితే ఆ తుప్పు నట్టునే అనుమానించండి. రెండు తుప్పు ముక్కలు రాసుకుంటుంటే డయోడ్‌లా పనిచేసి లేని సిగ్నళ్లను పుట్టిస్తాయి. కొత్తపట్నం, మైపాడు లాంటి ఉప్పుగాలి ఊళ్లకు దగ్గర్లో ఉన్న టవర్లకు ఇది రెండేళ్లలోనే వస్తుంది.

ఉప్పుగాలి అన్నాను కనుక కనెక్టర్ల సంగతి. పాడైన కేబుల్ కొన విప్పి చూస్తే లోపలి రాగి జాలి పచ్చగా చిలుమెక్కి, వేలితో నలిపితే పొడిగా రాలుతుంది. నీళ్లు దిగిన గుర్తు అది. బయట పీ.ఎల్-259 రకం కనెక్టర్ అసలు వాడకూడదు, ఎన్ టైప్ కనెక్టరే వాడాలి. బిగించాక ముందు రబ్బరులా సాగే టేపును లాగి చుట్టాలి, అది తనలో తానే అతుక్కుపోతుంది. దాని మీద మామూలు నల్ల టేపు. ఆ పైచుట్టు పాకకు తాటాకు కప్పినట్టు కింది నుంచి పైకి రావాలి, పై పొర కింది పొరను కప్పాలి, అప్పుడే వాన జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీళ్లు పట్టే దోసిలి అవుతుంది. గదిలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకుంటే నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. కొండ మీద కోతులు ఉంటే కేబుల్‌ను మొదటి నాలుగు మీటర్లు జీ.ఐ. పైపులో పెట్టండి.

ఒక మోసం గురించి హెచ్చరించాలి. కేబుల్‌లో నీళ్లు దిగితే కింద ఎస్.డబ్ల్యు.ఆర్. బాగైనట్టు కనిపిస్తుంది. వెళ్లిన పవర్ దారిలోనే వేడై పోతుంది, తిరిగి వచ్చేది ఉండదు, మీటరు ముల్లు కిందికి దిగుతుంది. పోయిన ఏడాది 1.4 ఉన్నది ఈ ఏడాది 1.1 అయితే సంతోషపడకూడదు, కొండెక్కి కేబుల్ చూడాలి. అసలు మంచి కేబుల్ కూడా కొంత తింటుంది. 30 మీటర్ల ఆర్.జి-213 కేబుల్ రెండున్నర డీబీ తింటుంది, 25 వాట్లలో పైకి చేరేది 14. అరంగుళం హీలియాక్స్ (ముడతల రాగి గొట్టం కవచంగా ఉన్న లావు కేబుల్) అయితే 20 వాట్ల పైన చేరతాయి. వచ్చే సన్నని సిగ్నల్ కూడా అదే దారిలో దిగాలి కదా, అక్కడా అంతే నష్టం.

సెట్ల విషయం త్వరగా చెప్తాను. 50 వాట్ల మొబైల్ సెట్టును 20, 25 వాట్లకు తగ్గించి, వెనక ఫ్యాను పెట్టి నడపాలి. అవి గంటల తరబడి ఆగకుండా పలకడానికి చేసినవి కావు. ఆగకుండా పలికితే ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసే టైమర్ మూడు నిమిషాలు. రిసీవర్‌కు టోన్ (మన సెట్లు మాటతో పాటు పంపే గుర్తు స్వరం, అది ఉంటేనే రిపీటర్ లేస్తుంది) తప్పనిసరి, మన తీరంలో ఇది మరీ ముఖ్యం. సముద్రం మీద గాలి పొరలు కుదిరిన రాత్రుళ్లు వందల కిలోమీటర్ల అవతలి సిగ్నళ్లు తేలి వస్తాయి. టోన్ లేకపోతే ఎవరో అవతల మాట్లాడినప్పుడల్లా మన రిపీటర్ లేచి కూర్చుంటుంది. ఒకరు మాట ఆపాక కూడా రిపీటర్ ఆగకపోతే ట్రాన్స్‌మిటర్ అలలు కంట్రోలర్ (రిసీవర్‌నూ ట్రాన్స్‌మిటర్‌నూ కలిపి నడిపే పెట్టె) తీగల్లో దూరుతున్నట్టు. పీ.టీ.టీ. (ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేసే తీగ), ఆడియో తీగలకు వెయ్యి పికోఫారడ్ కెపాసిటర్, ఫెర్రైట్ పూసలు వేస్తే చాలావరకు తగ్గుతుంది.

బ్యాటరీ లెక్క దాతలు కూడా చదవాలి. ఊరికే వింటూ ఉన్నప్పుడు రిపీటర్ 0.6 ఆంపియర్లు తింటుంది, పలికేటప్పుడు 6. తుఫాను రోజు ఐదో వంతు సమయం పలికిందనుకుంటే రోజుకు 40 ఆంపియర్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కరోజు, 150వి రెండు పెడితే మూడు రోజులు దాటి. 200 వాట్ల సోలార్ పలక మామూలు రోజుల్లో సరిపోతుంది గానీ, తుఫాను మబ్బులో దాన్ని నమ్ముకోలేం. చవక ఛార్జ్ కంట్రోలర్లు పగటిపూట రొద పుట్టిస్తాయి. పలక తీగ పీకి వినండి, గరగర తగ్గితే దొంగ దొరికినట్టే.

ఇక చోటు. ఉదయగిరి దుర్గం లాంటి ఎత్తు మీద పెడితే రెండు జిల్లాలూ వచ్చేస్తాయని ఆశపడతాం. ఆ ఎత్తు నుంచి నెల్లూరు సూటిగా సుమారు 90 కిలోమీటర్లు, ఒంగోలు 100 పైన. కొండ గొంతు అక్కడికి అందుతుంది, కానీ డాబా ఇంట్లో ఉన్న 5 వాట్ల చేతిసెట్టు మాట కొండకు అందదు. పైగా తుఫానులో ఆ కొండ ఎవరెక్కుతారు? నెల్లూరు, కావలి, ఒంగోలు మూడు చోట్లా 30 మీటర్ల టవర్లు పెట్టి, ఒకటి విన్నది మిగతావీ పలికేలా లింకు చేయడమే మేలని మా నిశ్చితాభిప్రాయం. 30 మీటర్ల ఎత్తుకు చేతిసెట్టు 27 కిలోమీటర్ల వరకు, ఇంటి మీద పది మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే 35 వరకు లెక్కకు వస్తుంది. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ టవర్ల మీద చోటు ఇస్తే ఖర్చు సగం తగ్గుతుంది. రిపీటర్‌కు కేంద్ర ప్రభుత్వపు డబ్ల్యు.పి.సి. (ఫ్రీక్వెన్సీలు, రేడియో లైసెన్సులు చూసే) విభాగం అనుమతి విడిగా తీసుకోవాలి, దాని కోసం నెలల ముందే దరఖాస్తు పెట్టాలి.

తీర మండలాల తహసీల్దారు కార్యాలయాలకు చేతిసెట్లు పంచి ఊరుకోవద్దని జిల్లా యంత్రాంగానికి మనవి. ఒక్కో కార్యాలయం డాబా మీద 49 సెంటీమీటర్ల నిలువు కడ్డీ, దాని కింద వాలుగా నాలుగు 51 సెంటీమీటర్ల కడ్డీలతో ఒక గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా కట్టించండి. అల్యూమినియం కడ్డీలు, ఒక ఎన్ సాకెట్, పది మీటర్ల కేబుల్ చాలు, సెట్టుతో వచ్చే రబ్బరు యాంటెన్నాకూ దీనికీ పోలికే లేదు. లైసెన్సు ఉన్న ఆపరేటరు ఎవరు వచ్చి కూర్చుంటారో ముందే రాసిపెట్టుకోండి. వారానికి ఒకసారి గంటసేపు మెయిన్స్ ఆపేసి, బ్యాటరీ మీదే నెట్ (ఆపరేటర్లంతా రేడియోలో వరుసగా మాట్లాడుకునే సాధన) నడపాలి. ఆ గంట చివర బ్యాటరీ వోల్టేజి ఎంతుందో పుస్తకంలో రాయాలి. 12 వోల్టుల కిందికి దిగిందంటే ఆ బ్యాటరీని తుఫానుకు ముందే మార్చాలి. రిపీటర్ పూర్తిగా పడిపోతే ఏం చేయాలో కూడా నెట్‌లోనే అలవాటు చేయాలి: సెట్టులో రివర్స్ నొక్కి ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీలో నేరుగా వినడం, అదీ అందకపోతే రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు మాట్లాడుకునే 145.500కు రావడం.

సెప్టెంబరు దాటకుండా ఒకసారి టవరెక్కి టేపులు మార్చాలి, నట్లు చూడాలి, డీసెన్స్ పరీక్ష చేయాలి. గదిలో ఒక పెట్టె ఉండాలి: 15 ఆంపియర్ల ఫ్యూజులు, ఎన్ కనెక్టర్లు, రెండు రకాల టేపులు, ముందే ప్రోగ్రామ్ చేసిన ఒక సెట్టు. గది తాళం చెవులు ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు నడిచి రాగలిగినంత దగ్గరలో ఉండేవారై ఉండాలి. ఫోన్లు లేని రోజున తాళం చెవి ఎవరి దగ్గరుందో ఫోన్ చేసి కనుక్కోలేం.

ఇట్లు,
ఒక హామ్ ఆపరేటర్,
కావలి, నెల్లూరు జిల్లా