ఫిషర్ నొప్పిలో నాకు తోడున్నవాళ్లకు కృతజ్ఞతలు

మా ఊరి ఆశా అక్కకు, వరంగల్ ఎంజీఎం దవాఖానల సర్జరీ ఓపీ చూసిన డాక్టరమ్మకు, మా అత్తమ్మకు అందరి ముందు దండం పెట్టి చెప్పుకోవాలని ఈ పోస్టు. ఇసొంటివి ఫేస్‌బుక్‌ల రాస్తారా అని మా ఇంట్లోనే ఒకరన్నరు. రాయాలె. కాన్పు తర్వాత ఈ నొప్పి పడేవాళ్లు మస్తుమంది, నోరు తెరిచి చెప్పేవాళ్లే లేరు.

నాకు వచ్చింది ఫిషర్. మలద్వారం అంచున చర్మం చీలుతుంది. దొడ్డికి పోయినప్పుడల్లా పుండు మీద కారం చల్లినట్టు ఉండేది, తర్వాత గంటల కొద్దీ మంట, ఎర్రటి నెత్తురు చుక్కలు. కూర్చోలేక పిల్లకు ఒరిగి పడుకునే పాలిచ్చేదాన్ని. ఒకచోట చూపిస్తే, చూడకుండానే మొలలని, సూది వేస్తే రాలిపోతాయని అన్నరు. నెత్తురు పడితే అన్నీ మొలలే కావని నాకు అప్పటికి తెల్వదు.

పిల్ల బరువు చూడటానికి వచ్చిన ఆశా అక్క నేను కూర్చున్న తీరు చూసింది. అత్తమ్మను మంచినీళ్లు తెమ్మని లోపలికి పంపి, తలుపు దగ్గరికేసి, "దొడ్డికి పోతే నొస్తుందా చెల్లె?" అని మెల్లగ అడిగింది. అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలే. ఏడ్చేసిన. తెల్లారే వెంటబెట్టుకొని వరంగల్ తీసుకపోయింది. బస్సుల పిల్లను కూడ తనే ఎత్తుకుంది.

డాక్టరమ్మ తెర లాగి, ఒక పక్కకు పడుకోబెట్టి, లోపల వేలు పెట్టకుండా మెల్లగ విడదీసి చూసింది. తర్వాత చీటీ వెనక బొమ్మ గీసింది. చీలిక నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటది, దాంతో అక్కడికి నెత్తురు సరిగ్గా అందక పుండు మానదు. భయపడి ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడి మళ్లీ అక్కడే చీలుస్తది. కొత్త చీలికలు చాలావరకు ఆపరేషన్ లేకుండనే కొన్ని వారాల్లో మానుతయన్నది. పాలిస్తున్న సంగతి అడిగి తెలుసుకున్నంకనే కండరం వదులయ్యే పూతమందు, మలం మెత్తబడే సిరప్, నీళ్లల్ల కలుపుకొని తాగే పీచు పొడి ఇసబ్గోల్ రాసింది. ఐరన్ గోలీలతో మలం గట్టిపడొచ్చు, అయినా సొంతంగా బంద్ పెట్టొద్దు, కావాలంటే వేరే రకం రాస్తనన్నది.

కడుక్కునే పద్ధతి కూడ విడమరిచి చెప్పింది. అక్కడ సబ్బు, డెట్టాల్ ఏదీ తగలొద్దు, ఉత్త నీళ్లు చాలు. రుద్దకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్దుకోవాలె. గోరువెచ్చని నీళ్లు టబ్బుల పోసి, ఏమీ కలపకుండా, పది పదిహేను నిమిషాలు కూర్చోవాలె, దొడ్డికి పోయొచ్చినంక తప్పకుండ. ఆ నీళ్లల్ల కూర్చుంటే బిగుసుకున్నదంతా వదులైతది. నాకు మొదట ప్రాణం లేచొచ్చింది ఆ టబ్బులనే.

ఇగ మా అత్తమ్మ. బాలింతకు నీళ్లు తక్కువియ్యాలె, ఆకుకూర పెట్టొద్దు, ఎల్లిగడ్డ కారంతోనే అన్నం తినాలె అని ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. ఆశా అక్క ఆమెను తప్పు పట్టలే, పక్కన కూర్చొని నా పుండు సంగతి చెప్పింది. ఆ మాపటికే ఇంట్ల తోటకూర పప్పు ఉడికింది. ఆ తర్వాత ఆనిగెపుకాయ కూర, జొన్నరొట్టె, జామపండు, పక్కన చెంబు నిండ నీళ్లు. నేను టబ్బుల కూర్చున్నంతసేపూ పిల్లను ఆమెనే ఆడించింది. యాభై ఏండ్ల నమ్మకాన్ని కోడలి కోసం పక్కకు పెట్టుడు చిన్న సంగతి కాదు అత్తమ్మా, నాకు తెలుసు.

ఇప్పుడు నొప్పి లేదు. ఇసబ్గోల్ మాత్రం ఇంకా తాగుతున్న.

చదివే అక్కాచెల్లెళ్లకు ఒక మాట. ఆరు, ఎనిమిది వారాలైనా తగ్గకపోయినా, జ్వరంతో వాపు, చీము వచ్చినా, బరువు తగ్గుతున్నా, నలభై దాటినంక కొత్తగ నెత్తురు పడుతున్నా సర్జన్‌కే చూపించుకోండి. గోడల మీద గ్యారంటీ రాతలు చూసి సూదులు వేయించుకోవద్దు.

ఆశా అక్క తన పేరు రాయొద్దన్నది కాబట్టి రాయలే. మా నర్సంపేట దిక్కు ఎవరికైనా ఒక్కరే పోవడానికి సిగ్గనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, ఎంజీఎం దాకా నేను వెంట వస్త.